సంక్రాంతి జవాన్ల పెట్టెల గురించి మా ఖాతాదారులకు

తాడేపల్లిగూడెంలోని మా పిండివంటల దుకాణంలో ఏటా సంక్రాంతికి ముందు సరిహద్దుల్లో ఉన్న సైనికుల కోసం ఒక పెట్టె కొని, దానితో పాటు చేత్తో రాసిన ఉత్తరం ఒకటి ఇచ్చి వెళ్ళే మీ అందరికీ ఈసారి ఒక విషయం సూటిగా చెప్పవలసి ఉంది. మీ ఉత్తరాలు పోస్టులో వెళ్ళిపోయాయి. పెట్టెలు వెళ్ళలేదు, పండగలోపు వెళ్ళవు. మాఘమాసం ముగిసేలోపు ప్రతి పెట్టెనూ, అది ఎవరి పేరున రాసుకున్నామో ఆ సైనికుడికే పంపిస్తాం. ఊళ్ళో ఇప్పటికే తిరుగుతున్న సగం సగం మాటలు వినడం కన్నా జరిగినదంతా నా దగ్గరే వినడం మీకు న్యాయమని ఇంత వివరంగా రాస్తున్నాను.

కొత్తగా చేరినవారి కోసం ముందు కొంచెం చెప్పాలి. ఈ పని 2020లో మొదలైంది. ఆ సంవత్సరం జూన్ 15న గల్వాన్ లోయలో సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబు సహా 20 మంది సైనికులు ప్రాణాలు కోల్పోయారు. ఆ తరువాత వచ్చిన చలికాలమంతా వేలాది మంది జవాన్లు సెలవు మాట మరిచిపోయి లద్దాఖ్ కొండల మీదే ఉండిపోయారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి సైన్యానికి బిడ్డలను పంపుతూ మిలటరీ మాధవరం అని పేరు తెచ్చుకున్న ఊరు మాకు దగ్గరే. అక్కడి నుంచి మా దుకాణానికి వచ్చే ఒక తల్లి, అరిసెలు లేహ్ దాకా పాడవకుండా వెళ్తాయా అని అడిగింది. వెళ్తాయని చెప్పి, నా చేతులతోనే కట్టి పంపించాను. ఆ మాట విని మరొకరు తమ మేనల్లుడికి పంపమన్నారు. ఆ తరువాత సైన్యంలో తమవాళ్ళెవరూ లేనివారు కూడా ఎవరో ఒక జవానుకు తమ తరఫున పంపమని అడగడం మొదలుపెట్టారు.

ఎవరో ఒక జవానుకు అని రాస్తే టపా చేరదు. సర్వీసు నంబరు, హోదా, పేరు, యూనిట్, దాని కింద కేరాఫ్ 56 ఏపీఓ (ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు), తూర్పు సరిహద్దు వైపు వారికైతే 99 ఏపీఓ, ఆపైన తొమ్మిదితో మొదలయ్యే పిన్ కోడు. చిరునామా అంటే అంతే. ఉన్న చోటు పేరు గానీ రాష్ట్రం పేరు గానీ రాయకూడదు. ప్రైవేటు కొరియర్లు అక్కడికి వెళ్ళవు, తపాలా శాఖ ద్వారానే ఆర్మీ పోస్టల్ సర్వీస్ చేతికి చేరాలి. అందుకే కుటుంబాలవారు స్వయంగా ఇచ్చిన చిరునామాలకే మేము పంపుతాం, ఆ చిరునామాల పుస్తకం నా దగ్గర తప్ప మరొకరి దగ్గర ఉండదు. దానిని ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టమని అడిగేవారికి ఇకముందు కూడా నా సమాధానం ఒకటే, కుదరదు.

అంత దూరం వెళ్ళే పెట్టెలో ఏది పడితే అది పెట్టలేం. చలికాలంలో శ్రీనగర్ నుంచి లేహ్ వెళ్ళే దారి జోజిలా కనుమ దగ్గర మంచుతో మూసుకుపోతుంది, అప్పుడు టపా విమానాల వీలును బట్టి కదులుతుంది. పెట్టె ఎన్ని వారాలకు అందుతుందో ఎవరూ చెప్పలేరు. అన్ని వారాలు ఆగగలిగే తీపి మన ఇళ్ళలో అరిసే. అది ఆగడానికి కారణం పాకం, పాకం కుదరడానికి కారణం బెల్లం. ఈ సంవత్సరం మమ్మల్ని ముంచింది ఆ బెల్లమే.

చాలా ఏళ్ళుగా మాకు అనకాపల్లి వైపు నుంచి ఒకే వ్యాపారి బెల్లం ఇస్తున్నాడు. మా అత్తగారి కాలంలో మొదలైన పరిచయం అది. దిమ్మ రంగు కొంచెం ముదురుగా ఉన్నా ఫరవాలేదు, హైడ్రోస్ అనే రసాయనం కలిపి తెల్లబరిచినది మాత్రం వద్దు, ఉప్పు నేలల చెరకు బెల్లం అసలే వద్దు అన్నది మాకూ అతనికీ మధ్య మొదటి నుంచీ ఉన్న మాట. ఈసారి లోడు దిగగానే దిమ్మలు పసుపు పచ్చగా మెరుస్తూ కనిపించాయి. ఒక ముక్క నోట్లో వేసుకుంటే చివరన ఉప్పదనం తగిలింది. అయినా ఒక వాయి పాకం పట్టి చూడకుండా మాట అనకూడదని పొయ్యి మీద పెట్టించాను. పాకం పొంగుతుందే గానీ ఉండ కట్టదు. నీళ్ళలో వేస్తే సాగుతుంది. ఇంకొంచెం ముదరనిస్తే మాడు వాసన వచ్చింది. ఆ పాకంలో తడి బియ్యప్పిండి కలిపి చేసిన చలిమిడి నూనెలో వేయగానే అంచుల దగ్గర విచ్చుకుపోయింది. ఆకారం నిలిచిన వాటిని ఒక డబ్బాలో పెట్టి పక్కన ఉంచాను. కొద్ది రోజులకే అవి చెమ్మ పట్టి, ఒకదానికొకటి అంటుకుని, మీద బూజు కనిపించింది. మన వాకిట్లో, మన వాతావరణంలో ఇలా అయిన సరుకు దేశం ఆ చివరకు ఎలా వెళ్తుంది?

ఆ వ్యాపారికి ఫోన్ చేసి సరుకు వెనక్కి తీసుకెళ్ళమన్నాను. మొదట వానలన్నాడు, తరువాత పాత రైతు మానేశాడన్నాడు, అందరికీ ఇదే ఇస్తున్నానన్నాడు. ఇంతవరకు వ్యాపారంలో ఉండేదేనని నేను సర్దుకునేదాన్ని. కానీ చివరకు అతను అన్న మాట ఇది: "మిలటరీ వాళ్ళకు పంపేదే కదమ్మా, ఎవరొచ్చి అడుగుతారు?" ఆ మాట నేను ఇప్పటికీ జీర్ణించుకోలేకపోతున్నాను. అడగడానికి రాలేని చోట ఉన్నవాడికి పంపేది కాబట్టే దానిని మరింత శ్రద్ధగా చేయాలి. కౌంటర్ దగ్గర నిలబడి కొనేవారికి అరిసె నచ్చకపోతే మరునాడు వచ్చి నా ముఖం మీదే చెప్తారు. అక్కడివాడు చెప్పడు, ఇంటి నుంచి వచ్చిందని ఆ విరిగిన ముక్కలనే ఏరుకుని తింటాడు. పైగా ఆ పెట్టెను అతను ఒక్కడే విప్పుకోడు. పక్కన పంజాబు అబ్బాయి ఉంటాడు, అస్సాం అబ్బాయి ఉంటాడు, వాళ్ళందరి మధ్య మూత తీసి ఇది మా ఊరి పండగ వంట అని చెప్పుకుంటాడు. అప్పుడు అందులో బూజు పట్టిన ముద్ద కనిపిస్తే తల దించుకోవలసింది అతను. ఆ స్థితి మా దుకాణం పేరు ఉన్న పెట్టె వల్ల రావడానికి నేను ఒప్పుకోను.

ఆ వ్యాపారితో మాకు ఇక సంబంధం లేదు. కట్టిన అడ్వాన్సు తిరిగి రాలేదు, అది మా నష్టం, దానిని ఏ వస్తువు ధరలోనూ కలపలేదు. ఆ బెల్లంతో చేసినది ఒక్కటి కూడా దుకాణంలో అమ్మలేదు.

ఇక ఏం చేయాలన్నదే నన్ను రాత్రిళ్ళు నిద్రపోనివ్వలేదు. పంచదార అరిసెలు చేసి పంపేద్దామని మా ఇంట్లోనే ఒకరన్నారు. అవి రుచికి బాగానే ఉంటాయి, కానీ మీరు డబ్బు ఇచ్చింది బెల్లం అరిసెలకు. బజారులో దొరికిన బెల్లం తెచ్చి కానిచ్చేయమని మరొకరన్నారు. చేసి, కొన్నాళ్ళు ఉంచి చూడనిదే నేను దూరం పంపను, అలా పరీక్షించేలోపు పండగ దాటిపోతుంది. వేరే ఊరి దుకాణం నుంచి తయారైన అరిసెలు తెచ్చి మా పెట్టెల్లో సర్దమన్న సలహా కూడా వచ్చింది, దానికి నేను జవాబు కూడా ఇవ్వలేదు. కాబట్టి కొత్త బెల్లం వచ్చేదాకా పెట్టెలు ఆపాలని త్వరగానే తేలిపోయింది. తేలనిది ఉత్తరాల సంగతి. ఒక్కో పెట్టెలో ఒక్కో ఉత్తరం పెట్టి పంపడం మొదటి నుంచీ మా పద్ధతి. ఉత్తరం ఒక్కటే వెళ్తే, తీపి ఏదని ఆ అబ్బాయి అనుకోడా? ఉత్తరాలు కూడా ఆపితే, పిల్లలు రంగు పెన్సిళ్ళతో గీసిన ముగ్గులు, గొబ్బెమ్మలు, కోడిపుంజులు ఫిబ్రవరిలో అతనికి చేరి ఏం ప్రయోజనం?

ఉత్తరాల కట్టను బల్ల మీద పెట్టుకుని ఎటూ తేల్చుకోలేక కూర్చున్నప్పుడు మా మామగారు ఒక్క మాటతో దారి చూపించారు. ఆయన సైన్యంలో సిగ్నల్స్‌లో, అంటే సమాచారం అందించే విభాగంలో, పనిచేసి వచ్చినవారు. 1971 యుద్ధకాలంలో ఆయన పడమటి సరిహద్దులో ఉన్నారు. "తినేది ఎప్పుడొచ్చినా తింటాం. పండక్కి రాసిన ఉత్తరం మాత్రం పండక్కే రావాలమ్మా. టపా పంచే రోజున పేరు పిలవకపోతే ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు," అన్నారు. మరునాడే ఉత్తరాలన్నిటినీ వేరు వేరు కవర్లలో పెట్టి, పెట్టె ఆలస్యంగా వస్తుందని, తప్పకుండా వస్తుందని ప్రతి కవరులో ఒక చిన్న చీటీ రాసి పోస్టు చేశాం. నిర్ణయం నాది. సరైనదేనని నమ్ముతున్నాను.

ఈ మధ్యలో మరొక మాట నా చెవిన పడింది. సైనికుల పేరు చెప్పి డబ్బు వసూలు చేసుకుని కూర్చున్నారని ఎవరో అన్నారట. ఇన్నేళ్ళలో ఎన్నడూ రాని మాట అది, మనసు చాలా కష్టపెట్టుకున్నాను. కాబట్టి లెక్క చెప్తాను. ఒక్కో పెట్టెకు మీరు ఇచ్చే 350 రూపాయలు అందులోని సరుకుకే సరిపోతాయి. అట్టపెట్టె, దాని మీద కుట్టే గుడ్డ, పోస్టు ఖర్చు మొదటి నుంచీ దుకాణమే భరిస్తోంది. ఎవరు ఎంత ఇచ్చారో, ఏ తేదీన ఏ పార్శిల్ వెళ్ళిందో రాసిన పుస్తకం, చిరునామాలు కనిపించకుండా, ఇప్పుడు కౌంటర్ మీదే ఉంది. పోస్టాఫీసు రసీదులు కూడా అలాగే పక్కనే ఉన్నాయి. ఎవరైనా వచ్చి చూడవచ్చు. ఆలస్యం నచ్చక డబ్బు వెనక్కి కావాలనుకునేవారికి అడిగిన వెంటనే ఇచ్చేస్తాం. అయితే వారి పేరున రాసుకున్న సైనికుడికి పెట్టె మాత్రం ఆగదు, దానిని దుకాణం తరఫున పంపిస్తాను.

కొత్త బెల్లం కోసం ఈసారి దళారి లేకుండా నేరుగా గానుగ దగ్గరకే వెళ్ళి, వండుతుండగా చూసి, నమూనా తెచ్చుకున్నాం. ఆ నమూనాతో చేసిన అరిసెలు ఇప్పుడు డబ్బాలో ఉన్నాయి. వాటిని రోజూ తీసి చూస్తున్నాను, ఇప్పటివరకు చెమ్మ లేదు. ఇంకొన్నాళ్ళు నిలిస్తేనే పూర్తి సరుకు తెప్పిస్తాను. పెట్టెలో అరకిలో అరిసెలతో పాటు ఎప్పటిలాగే చేగోడీలు, కందిపొడి ఉంటాయి. పచ్చళ్ళు మాత్రం ఉండవు, నూనె కారితే టపా సంచిలోని మిగతావారి ఉత్తరాలు, పార్శిళ్ళు కూడా పాడవుతాయి.

పెట్టెతో పాటు మళ్ళీ ఉత్తరం రాయాలనుకునేవారు రథసప్తమిలోపు తెచ్చి ఇవ్వండి. ఎక్కడ ఉన్నారు, ఎప్పుడు కదులుతారు అని అందులో అడగకండి. ఊరి సంగతులు రాయండి, కోతల సంగతి, పిల్లల చదువు, పందేలు, కొత్త అల్లుళ్ళ సంగతి, అదే వారికి కావలసింది. తెలుగు రాని జవాను పేరు మీకు వచ్చినట్టయితే హిందీలో రాసిపెట్టడానికి మా అమ్మాయి సాయంత్రాలు దుకాణంలోనే ఉంటుంది. యూనిట్ మారిన సైనికుల కుటుంబాలవారు కొత్త చిరునామాను ఫోన్‌లో చెప్పకుండా స్వయంగా వచ్చి రాయించి వెళ్ళండి.