నా ఆపరేషన్ సమయంలో అండగా నిలిచిన వారందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. గత నవంబరు చివరి వారంలో గుంటూరులోని ఒక ఆసుపత్రిలో నాకు గర్భసంచి తొలగించే ఆపరేషన్ జరిగింది. సంక్రాంతి సెలవులు ముగిశాక తిరిగి బడిలో చేరాను. ఈ రెండు నెలల్లో నా మంచం పక్కన కూర్చున్నవారు, వంట చేసి పంపినవారు, రక్తం ఇచ్చినవారు, అన్నిటికన్నా ముఖ్యంగా నాకు తెలియని సంగతులను సిగ్గుపడకుండా విడమరిచి చెప్పినవారు ఎందరో ఉన్నారు. ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లి చెప్పుకోవాల్సిన మాటలే ఇవి. అయితే ఇదే ఆపరేషన్‌కు సిద్ధమవుతున్న మరో ఆడపడుచు కంట పడినా మేలే కదా అని అందరి ముందూ రాస్తున్నాను.

రెండేళ్లుగా నాకు నెలసరి పది పన్నెండు రోజులు సాగేది. ఏడో తరగతికి పాఠం చెబుతూ మధ్యలో బల్ల పట్టుకొని నిలబడిపోయిన రోజులున్నాయి. చివరికి స్కానింగ్ తీయిస్తే గర్భసంచిలో గడ్డలు ఉన్నాయని తేలింది, హిమోగ్లోబిన్ 6.9కి పడిపోయింది. మొదట చూపించుకున్న చోట ఐదు నిమిషాల్లో తేల్చేశారు. పిల్లలు పెద్దవాళ్లయ్యారు కాబట్టి గర్భసంచీ అండాశయాలూ కలిపి తీసేద్దామనీ, ఉంచితే క్యాన్సర్ రావచ్చనీ, సోమవారం వచ్చి చేరమనీ చెప్పారు. క్యాన్సర్ అన్న మాట చెవిన పడ్డాక మనిషికి ఇంకేమీ వినబడదు. నేనూ మా వారూ ఇంటికి వచ్చి ఆ రాత్రే బట్టలు సర్దుకున్నాం.

ఆ సర్దుడును ఆపింది మా తోడికోడలు. మొట్టమొదటి కృతజ్ఞత ఆమెకే చెప్పాలి. ఫోనులో నేను చెప్పిందంతా విని ఆమె ఒకే ఒక్క ప్రశ్న అడిగింది: "అక్కా, అండాశయాలు ఎందుకు తీస్తున్నారో అడిగావా?" నేను అడగలేదు. అప్పుడు ఆమె, మా కుటుంబంలో ఇరవై ఏళ్లుగా ఎవరితోనూ చెప్పుకోని తన కథ చెప్పింది. 29 ఏళ్ల వయసులో, తెల్లబట్ట అవుతోందని వెళితే ఆమెకు గర్భసంచి తీసేశారు. రెండేళ్లు తిరగకుండానే ఒళ్లంతా ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, కీళ్ల నొప్పులు మొదలయ్యాయి. అండాశయాలు ఉన్నాయో తీసేశారో ఆమెకు ఎవరూ చెప్పలేదు, చేతికి ఒక్క కాగితమూ ఇవ్వలేదు. తన బాధకు పేరు కూడా తెలియకుండా ఆమె పొలం పనులు చేసుకుంటూ వచ్చింది. నేను చదువుకున్నదాన్ని, పదిమందికి చదువు చెప్పేదాన్ని. అయినా నేను అడగాల్సిన ప్రశ్నను నాకు నేర్పింది, ఐదో తరగతితో బడి మానేసిన ఆమె.

ఇది ఆమె ఒక్కదాని కథ కాదని తర్వాత తెలుసుకున్నాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురికి పైగా ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ నూటికి ఎనిమిది మందికి పైగా ఉన్నారు. అనవసరపు ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు కూడా ఆదేశించింది. అంకెలు చదువుతున్నప్పుడు నాకు మా తోడికోడలి ముఖమే కళ్ల ముందు మెదిలింది.

మా వీధి చివర ఉండే రిటైర్డ్ స్టాఫ్ నర్సు గారిని మేమంతా సిస్టరమ్మ గారని పిలుస్తాం. సోమవారం వెళ్లి చేరకుండా మరో డాక్టరు గారి అభిప్రాయం తీసుకోమని చెప్పి, స్వయంగా వెంట వచ్చింది ఆవిడే. రెండో డాక్టరమ్మ గారు ముప్పావుగంట మాతో కూర్చున్నారు. ఇలాంటి గడ్డలు క్యాన్సర్‌గా మారడం చాలా అరుదని చెప్పి ముందు ఆ భయం తీర్చారు. రక్తస్రావం తగ్గించే మాత్రలు, గర్భసంచిలో అమర్చే హార్మోన్ లూప్, గడ్డలను మాత్రమే తీసే ఆపరేషన్, ఇలా ఉన్న దారులన్నీ వివరించారు. నాకు గడ్డలు పెద్దవి కావడం వల్ల, మాత్రలు అప్పటికే వాడి ఫలితం లేకపోవడం వల్ల, ఆపరేషనే మేలన్న నిర్ణయానికి అందరం కలిసి వచ్చాం. 46 ఏళ్ల వయసులో, అండాశయాలలో ఏ లోపమూ లేనప్పుడు, వాటిని తీయాల్సిన పని లేదని, ఎముకలకూ గుండెకూ వాటి అవసరం ఉందని ఆవిడ స్పష్టంగా చెప్పారు. అండవాహికలను మాత్రం గర్భసంచితో పాటు తీసేస్తే ముందు ముందు అండాశయ క్యాన్సర్ ముప్పు తగ్గుతుందన్నారు. చివరికి జరిగింది అదే ఆపరేషన్. పేరు కలిసినా, మొదటి చోట చేయబోయిన దానికీ దీనికీ ఎంత తేడా ఉందో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

6.9 హిమోగ్లోబిన్‌తో బల్ల ఎక్కించడం కుదరదని, ముందు ఐరన్ ఇంజెక్షన్లు, తర్వాత రెండు సీసాల రక్తం ఎక్కించారు. ఆ రక్తం ఇచ్చినవారు నా దగ్గర పదేళ్ల కిందట చదువుకున్న ఇద్దరు పిల్లలు. తెల్లవారుజామున మొదటి బస్సుకు వచ్చి, రక్తం ఇచ్చి, నన్ను చూడకుండానే డ్యూటీలకు వెళ్లిపోయారు. నాయనలారా, మీ పేర్లు రాయవద్దన్నారు కాబట్టి రాయడం లేదు. మీ హాజరు పిలిచిన ఈ గొంతులో ఇప్పుడు మీ రక్తమే ఆడుతోందని మాత్రం గుర్తుంచుకోండి.

మా ప్రధానోపాధ్యాయురాలికి, సాటి ఉపాధ్యాయులకు కూడా నేను ఎంతో రుణపడి ఉన్నాను. ఈ ఆపరేషన్ చేయించుకున్న మహిళా ఉద్యోగులకు 45 రోజుల ప్రత్యేక సెలవు ఇస్తూ 2011లోనే ప్రభుత్వ ఉత్తర్వు వచ్చిందన్న సంగతి నాకు తెలియనే తెలియదు. జీతం లేని సెలవు పెట్టుకుందామని అర్జీ రాసుకొని వెళ్లిన నా చేతిలోంచి ఆ కాగితం తీసుకొని, ఉత్తర్వు ప్రతిని ముందు పెట్టి, డాక్టరు ధ్రువపత్రం జతచేసి పంపమని మేడమ్ గారే చెప్పారు. నా తరగతులను నలుగురు పంచుకున్నారు. మార్కుల రిజిస్టరు కోసం కూడా నాకు ఒక్క ఫోను రాలేదు.

ఇక ఆపరేషన్ తర్వాతి రోజుల గురించి. మొదటి రాత్రి నాకు దగ్గు వచ్చింది. పొత్తికడుపు మీద అడ్డంగా కోసిన కోత ఎక్కడ విప్పుకుపోతుందోనన్న భయంతో ఊపిరి బిగబట్టి, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే పడుకుండిపోయాను. ముందుగానే ఊహించినట్టు సిస్టరమ్మ గారు ఇంటి నుంచి గట్టిగా కూరిన చిన్న బూరుగుదూది దిండు ఒకటి తెచ్చి నా తల దగ్గర పెట్టి వెళ్లారు. దాన్ని రెండు చేతులతో కుట్ల మీద అదిమి పట్టుకొని దగ్గమన్నారు. దగ్గాను. నొప్పి వచ్చింది గాని, కడుపు చెదిరిపోతున్నదన్న ఆ భయం పోయింది. మంచం దిగేటప్పుడు వెల్లకిలా లేవకూడదని, ముందు మోకాళ్లు ముడిచి పక్కకు ఒత్తిగిలి, కాళ్లు కిందికి జార్చి, మోచేతిని ఊనుకొని లేవాలని ఆవిడ తన ఒంటి మీదే చేసి చూపించారు. డెబ్భై ఏళ్ల మనిషి, ఆసుపత్రి గదిలో ఖాళీగా ఉన్న మంచం మీద పడుకొని, నాకోసం రెండుసార్లు లేచి చూపించారు. ఆ దిండు ఇప్పటికీ నా పక్కలోనే ఉంది.

మర్నాడు మూత్రపు గొట్టం తీసేసిన వెంటనే నన్ను వరండాలో నడిపించిన నర్సమ్మలకు నమస్కారాలు. కదలకుండా పడుకుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉందని, నడిస్తేనే పేగులు కదిలి గ్యాస్ పోతుందని వాళ్లు ఓపికగా చెప్పకపోతే, "పచ్చి ఒళ్లు, కదలకూడదు" అన్న మన ఇళ్లలోని మాటే పట్టుకొని నేను మంచానికే అంటుకుపోయేదాన్ని.

ఇంటికి వచ్చాక పథ్యం సంగతి వచ్చింది. మా అత్తగారికి 74 ఏళ్లు. పప్పు తింటే కుట్లు చీము పడతాయని, గుడ్డు వేడి చేస్తుందని, పెరుగు అసలే పనికిరాదని ఆవిడ నమ్మకం. అది నా మీది ప్రేమతో అన్న మాటేనని నాకు తెలుసు, అందుకే ఎదురు చెప్పలేకపోయాను. నాలుగు రోజులు కారప్పొడి అన్నం, సొరకాయ కూరతో గడిచాయి. సిస్టరమ్మ గారు వచ్చి అత్తగారి పక్కన చాప మీద కూర్చొని, "అమ్మా, చీము పట్టేది పప్పు వల్ల కాదు, గాయం దగ్గర శుభ్రం లేకపోతేనూ షుగరు అదుపు తప్పితేనూ. కోసిన కండ అతుక్కోవాలంటే పప్పూ గుడ్డూ పాలూ ఉండాల్సిందే" అని నిదానంగా చెప్పారు. అత్తగారు అప్పటికేమీ అనలేదు. మర్నాడు మధ్యాహ్నం నా కంచంలో మునగాకు వేసిన పెసరపప్పు, ఉడికించిన గుడ్డు కనబడ్డాయి. ఆనాటి నుంచి నేను బడికి వెళ్లేదాకా ఒక్క పూట కూడా ఆ పప్పు తప్పలేదు. ఐరన్ మాత్ర టీతో వేసుకోకూడదని, నిమ్మరసంతోనో జామకాయతోనో అయితే బాగా ఒంటబడుతుందని విన్నాక, నాలుగు గంటలకు జామకాయ ముక్కలు కోసి పెట్టే పని కూడా ఆవిడే తీసుకున్నారు. అత్తయ్యా, మీ వయసులో ఏళ్లనాటి నమ్మకాన్ని నాకోసం పక్కన పెట్టారు, దానికి పాదాభివందనం.

మూడో వారంలో ఒక సాయంత్రం కొద్దిగా రక్తపు మరక కనబడి గుండె ఆగినంత పనయింది. రెండేళ్ల కిందట ఇదే ఆపరేషన్ చేయించుకున్న మా లెక్కల టీచరమ్మకు ఫోను చేశాను. లోపలి కుట్లు కరిగే సమయంలో కొద్దిపాటి మరక సహజమేనని, తనకూ అలాగే అయిందని ఆమె ధైర్యం చెప్పింది. ఒకవేళ గంటకొక ప్యాడ్ తడిసేంత రక్తం పోయినా, జ్వరం 100.4 దాటినా, దుర్వాసన వచ్చినా, ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టినా, మూత్రంలో మంట పుట్టినా ఫోన్లు చేస్తూ కూర్చోకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లమని కూడా వరసగా రాయించింది. ఆ చీటీని మా అమ్మాయి ఫ్రిజ్ మీద అంటించింది.

ఆ లెక్కల టీచరమ్మకు చెప్పుకోవాల్సిన కృతజ్ఞత ఇంకొకటి ఉంది. చూడవచ్చిన వారందరూ "పోనీలే, నెలనెలా బాధ తప్పింది" అనే వారు. నిజమే, తప్పింది. కానీ నా ఇద్దరు పిల్లలూ పెరిగిన చోటు ఇప్పుడు నాలో లేదన్న దిగులు కారణం లేకుండా కమ్ముకొచ్చేది. మా వారితో చెప్పడానికి కూడా నోరు రాలేదు. ఆమె మా డాబా మీద నా పక్కన కూర్చొని, "నేనూ ఏడ్చాను అక్కా, రెండు నెలలు ఏడ్చాను. పిచ్చి కాదు, బలహీనత కాదు. ఏడవండి" అంది. అంతే, ఆ రోజు తనివితీరా ఏడ్చాను. దాంపత్యం గురించి, ఆరు వారాల తర్వాతి పరీక్ష పూర్తయ్యేదాకా ఆగాలన్న సంగతి గురించి, ఆ తర్వాత ఉండే బెరుకు గురించి కూడా తలుపు వేసి నాతో విప్పి మాట్లాడింది ఆమె ఒక్కతే. అక్కచెల్లెళ్లు లేని నాకు ఆమె ఆ లోటు తీర్చింది.

మా వారి గురించి రాస్తే ఆయన మొహమాటపడతారు. అయినా రాయాలి. ఆరు వారాల పాటు నీళ్ల బిందె గాని, బియ్యం డబ్బా గాని నా చేతితో కదపనివ్వలేదు. పొద్దున్నే నాతో పాటు వీధి చివరిదాకా, తర్వాత రామాలయం దాకా, డిసెంబరు చివరికి కాలువగట్టు దాకా నడిచి, ఎన్ని నిమిషాలు నడిచామో పాత నోటుపుస్తకంలో రాసేవారు. ఆ పుస్తకంలో మొదటి అంకె 4, చివరి అంకె 35.

బయాప్సీ రిపోర్టులో భయపడాల్సింది ఏమీ లేదని వచ్చిన రోజున, దాన్ని, డిశ్చార్జి కాగితాన్ని మూడేసి ప్రతులు జిరాక్స్ తీయించి దాచమని డాక్టరమ్మ గారు చెప్పారు. ఏమి తీశారో, ఏమి ఉంచారో రాసి ఉన్న ఆ కాగితం నాకు జీవితాంతం పనికొస్తుందట. ఆ మాట వింటుంటే, ఒక్క కాగితం కూడా లేని మా తోడికోడలు గుర్తొచ్చింది. ఆ సంగతి చెబితే, ఆమెను తీసుకురమ్మని, అండాశయాలు ఉన్నాయో లేవో స్కానింగ్‌లో చూద్దామని, ఎముకల సాంద్రత పరీక్ష కూడా చేయిద్దామని డాక్టరమ్మ గారే అన్నారు. మొదట రానంది. "ఇన్నేళ్లయ్యాక ఇప్పుడు తెలుసుకొని ఏం చేస్తాను అక్కా" అంది. నాలుగు రోజులు అడగ్గా అడగ్గా ఒప్పుకుంది. వచ్చే శనివారం ఉదయం ఆమె తెనాలిలోని మా ఇంటికి వస్తోంది, ఇద్దరం కలిసి గుంటూరు వెళుతున్నాం. ఆమె పేరు రాసిన కొత్త ఫైలు ఒకటి కొని బీరువాలో పెట్టాను.