నుస్‌బామ్ పరిచయంలో పాలమూరు ఏదీ?

సంపాదకులకు నమస్కారం.

అమెరికా తత్వవేత్త మార్తా నుస్‌బామ్‌ను పరిచయం చేస్తూ మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం శ్రద్ధగా చదివాను. 1975లో హార్వర్డ్ డాక్టరేట్, తరువాత బ్రౌన్‌లో, 1995 నుంచి షికాగో విశ్వవిద్యాలయంలో బోధన, 2016లో క్యోటో బహుమతి, ఇలా వివరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయితే ఆమెను ‘కోపం వదులుకోమనే తత్వవేత్త’ అని ఒక్క మాటలో తేల్చేయడంతో, ఆమె కృషిలో మన నేలకు సంబంధించిన భాగం జారిపోయింది.

భావోద్వేగం బుద్ధిని కమ్మేసే మబ్బు కాదని, మనకు ఏది ముఖ్యమో, అందులో ఎంత మన చేతుల్లో లేదో చెప్పే అంచనాయేనని ఆమె వాదన. 2001లో వచ్చిన ‘అప్‌హీవల్స్ ఆఫ్ థాట్’ను ఆమె సొంత దుఃఖంతోనే మొదలుపెట్టారు. డబ్లిన్‌లో ప్రసంగానికి వెళ్లినప్పుడు తల్లికి ప్రాణం మీదికి వచ్చిందని కబురందింది. విమానమెక్కి ఆస్పత్రికి చేరేసరికి తల్లి కన్నుమూసింది. గ్రీకు విషాద నాటకాలపై 1986లోనే పెద్ద పుస్తకం రాసిన పండితురాలు దుఃఖానికి తన ఇంటి నుంచే ఉదాహరణ తెచ్చుకోవడం నాకు నచ్చింది.

అమర్త్యసేన్‌తో కలిసి పనిచేశాక ఆమె దృష్టి భారతదేశపు పేద మహిళల మీదికి మళ్లింది. 2000లో వచ్చిన ‘విమెన్ అండ్ హ్యూమన్ డెవలప్‌మెంట్’లో, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని మహబూబ్‌నగర్ (మా పాలమూరు) దగ్గర తాను కలిసిన ఆడవాళ్ల గురించి రాశారు. తిండి చాలక చిక్కిపోయి, మంచినీళ్లకు నమ్మకమైన ఆధారం లేక బతుకుతున్నా, ప్రభుత్వ చైతన్య కార్యక్రమం రాకముందు వాళ్లకు తమ పరిస్థితి మీద కోపమే లేదట. తాము తిండిలేక నీరసించామని కూడా అనుకోలేదట. ఆ తరువాతే నీళ్లు కావాలి, కరెంటు కావాలి, ఆరోగ్య కార్యకర్త రావాలి అని అడగడం మొదలుపెట్టారు. లేమికి అలవాటుపడి కోరికలను కుదించుకున్న మనిషి ‘నాకేం లోటు’ అన్నంత మాత్రాన న్యాయం జరిగినట్టు కాదని ఆమె తేల్చిన విషయం, పాలమూరులో పుట్టిన నాకు పుస్తకం చదివితేనే తెలిసేది కాదు. ఎండాకాలం వాగులో చెలిమె తీసి, ఊరిన నీళ్లను సత్తు గిన్నెతో ముంచి ముంచి బిందె నింపుకొచ్చే మా అమ్మను ఎందుకీ తిప్పలని అడిగితే, ‘మన రాత గిట్లున్నది బిడ్డా’ అనేది. ఆ మాటలో కోపం రవ్వంత కూడా వినిపించేది కాదు.

2016 నాటి ‘యాంగర్ అండ్ ఫర్‌గివ్‌నెస్’లోనూ నుస్‌బామ్ కోపాన్ని మొత్తంగా కొట్టిపారేయలేదు. దెబ్బకు దెబ్బ తీయాలన్న కోరికను తప్పుపట్టారే కానీ, ‘ఇదెంత అన్యాయం, మళ్లీ జరగకూడదు’ అని ముందుకు చూసే కోపానికి విడిగా పేరు పెట్టి చోటిచ్చారు. ఆ రెంటి మధ్య గీత అంత తేటగా ఉంటుందా అన్న అనుమానం మాత్రం నాకు తీరలేదు. ఖాళీ బిందెలతో పంచాయతీ ఆఫీసు ముందు కూర్చున్న ఆడవాళ్లకు, బోరుతోపాటు, ఇన్నేళ్లూ పట్టించుకోని పెద్దమనిషి నలుగురిలో తలదించుకోవాలని ఉండదని నేను చెప్పలేను; ఉంటే అది తప్పనీ అనలేను.

మళ్లీ ఈ విషయంపై రాయిస్తే, ఆనాటి చైతన్య కార్యక్రమంలో తిరిగిన మహిళలు మా జిల్లాలో దొరుకుతారు కనుక, నుస్‌బామ్ చెప్పింది వాళ్లకు వినిపించి, తమ కోపం ఏ రకమో వాళ్లనే అడగమని మీ విలేకరికి చెప్పవలసిందిగా కోరుతున్నాను.

ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
మహబూబ్‌నగర్