ఆ 48 అంకెలను ఓపికగా చదివి వినిపించిన సోదరికి కృతజ్ఞతలు

నిన్న అర్ధరాత్రి దాటాక జీతాల పట్టిక పూర్తయింది. అందరి ఖాతాలకూ సొమ్ము చేరిందని ఈ ఉదయం బ్యాంకు నుంచి సమాచారం వచ్చింది. నాకింకా సరిగా నిద్ర లేదు, వాక్యాలు అటూ ఇటూ అయితే మన్నించండి. ఈ నాలుగు మాటలు ఇప్పుడే రాయకపోతే రేపటి పనుల్లో పడి, రాయవలసిన తీరులో రాయలేనేమోనన్న భయంతో కూర్చున్నాను.

నేను కొన్ని చిన్న సంస్థలకు జీతాల లెక్కలు చూసిపెడుతుంటాను. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. నా పాత కంప్యూటరులో విండోస్ 11కు కావలసిన టీపీఎం 2.0 భద్రతా సదుపాయం లేదు. అందువల్ల దానిని మార్పిడి కింద దుకాణానికి ఇచ్చి కొత్తది తెచ్చుకున్నాను. ఆఫీసు సాఫ్ట్‌వేరు మాత్రం చాలాకాలం క్రితమే విడిగా, పూర్తి వెల ఒకేసారి చెల్లించి కొన్నది. కంప్యూటరుతో కలిపి ఇచ్చే ఓఈఎం లైసెన్సు సాధారణంగా ఆ యంత్రంతోనే పోతుంది. నాది అలాంటిది కాదు. పాత యంత్రంలో వాడకం మానేసి కొత్తదానిలో పెట్టుకోవచ్చని దాని ఒప్పందంలోనే రాసి ఉంది. బిల్లు ఉంది, 25 అక్షరాల కీ ముద్రించిన కార్డూ ఉంది.

అయినా సరిగ్గా నెలాఖరున ఆ సాఫ్ట్‌వేరు నన్ను బయట నిలబెట్టింది. ఫైలు తెరుచుకుంటుంది, పేర్లూ అంకెలూ అన్నీ కనిపిస్తాయి, కావాలంటే ముద్రించుకోవచ్చు. కానీ ఒక గడిలో కర్సరు పెట్టి ఒక్క అంకె మార్చబోతే చలనం ఉండదు. పై పట్టీలోని బొత్తాలన్నీ బూడిద రంగుకు తిరిగాయి. వాటి కింద, ఈ ఉత్పత్తికి లైసెన్సు లేదంటూ ఒక హెచ్చరిక. కీ మళ్లీ కొడితే, దీనిని ఇప్పటికే పరిమితికి మించి వాడారన్న సమాధానం. ఎవరు వాడారు, ఎక్కడ వాడారు అన్నది మాత్రం చెప్పదు.

సహాయ కేంద్రానికి ఫోను చేస్తే మొదట యంత్రం మాట్లాడుతుంది. దానిని దాటుకుని మనిషి దగ్గరకు చేరితే, ఆ మనిషి కూడా ఎదురుగా ఉన్న కాగితమే చదువుతారు. కీ చెప్పమంటారు, సాఫ్ట్‌వేరు తీసేసి మళ్లీ వేయమంటారు, చివరకు నెలనెలా చందా కట్టే పథకానికి మారితే ఈ ఇబ్బందే ఉండదని సలహా ఇస్తారు. మధ్యలో లైను తెగిపోతే తర్వాతివారికి కథంతా మొదటి నుంచి చెప్పుకోవాలి. వాళ్లనేమీ అనను, వాళ్ల చేతిలో ఏముంది?

ఆ తర్వాత లైనులోకి వచ్చిన ఆమె గురించే ఈ టపా. పేరు చెప్పారు గానీ, ఆమె ఉద్యోగానికి ఏ చిన్న ఇబ్బందీ రాకూడదని ఆ పేరూ, ఆ కంపెనీ పేరూ ఇక్కడ రాయడం లేదు. ఆమె కీ అడగలేదు. ముందుగా, “మీ ఫైళ్లు భద్రంగా ఉన్నాయా అండీ? వేరేచోట ఒక నకలు పెట్టుకున్నారా?” అని అడిగారు. పెట్టుకున్నానన్నాను. “అయితే భయం లేదు. లైసెన్సు ఆగితే ప్రోగ్రాము ఆగుతుంది, మీ లెక్కలు ఎక్కడికీ పోవు” అన్నారు. అప్పటిదాకా నాతో మాట్లాడినవారిలో ఎవరూ నా పని గురించి ఒక్క ప్రశ్న వేయలేదు. ఆ మాట వినగానే ఏం చెప్పాలో నాకు కాసేపు తోచలేదు.

తర్వాత నల్లని కమాండు తెర తెరిపించి ఒక వరుస కొట్టించారు. లైసెన్సు పేరూ, దాని కీలో చివరి 5 అక్షరాలూ అక్కడ కనిపించాయి. “తెర మీదివి చదవండి. ఇప్పుడు కార్డు మీదివి చదవండి” అన్నారు. చదివాను. రెండూ ఒకటి కావు.

అసలు చిక్కు అదీ. కొత్త కంప్యూటరుతో అదే ఆఫీసు సాఫ్ట్‌వేరు ప్రయోగాత్మక ప్రతి ముందుగానే వచ్చింది. దాని గడువు తీరింది. నా ప్రతిని వేసుకున్నా, లోపల మిగిలిపోయిన ఆ పాత లైసెన్సునే ప్రోగ్రాము చూస్తూ నాకు హక్కు లేదంటోంది. ఇక పరిమితి దాటిందన్న సందేశం సంగతి. యాక్టివేషన్ సమయంలో, అంటే కంపెనీ సర్వరు మన లైసెన్సును సరిచూసి వాడుకోనిచ్చేటప్పుడు, యంత్రంలోని భాగాలను బట్టి ఒక గుర్తు తయారవుతుందట. భాగాలన్నిటినీ కలిపే ప్రధాన పలక, మదర్‌బోర్డు, మారితే సర్వరు దృష్టిలో అది వేరే యంత్రమే. నా పాత కంప్యూటరుకు ఒకసారి మరమ్మతులో మదర్‌బోర్డు మార్చారు. అప్పుడొకటి, ఇప్పుడొకటి అని సర్వరు లెక్క కట్టుకుంది. ఒక మనిషి ఒకే కుర్చీలో కూర్చుని ఒకే పని చేసుకుంటున్నట్టు దానికి తెలియదు, తెలియజెప్పే మార్గమూ నాకు ఇవ్వలేదు.

ఇక్కడ నా బాధ కొంత చెప్పుకోనివ్వండి. డబ్బు కట్టి కొన్నవారే ప్రతి మార్పుకూ తమ నిజాయితీని నిరూపించుకోవాలి. దొంగ ప్రతి వాడేవాడికి ఈ ఫోన్లూ లేవు, ఈ నిరీక్షణా లేదు. నకళ్లను అడ్డుకోవాలన్న కంపెనీ అవసరం నాకు అర్థమవుతుంది. అయితే యంత్రం మార్చుకున్నానని కొన్నవాడే ఒక్క నొక్కుతో తెలియజేసే వీలు ఎందుకు ఉండకూడదు? సొంత ఇంటి తాళం మార్చేసి, ఇంటి యజమానినే ఎవరు నువ్వు అని అడిగినట్టుంది ఈ వ్యవహారం. పైగా అమ్మేటప్పుడు శాశ్వతమని చెప్పిన వస్తువును పోగొట్టుకున్న సమయం చూసి చందా అమ్మజూపడం, మర్యాదగా చెప్పాలంటే, బాగాలేదు. ఇది ఎక్కువ రాస్తే కృతజ్ఞత పక్కకు పోతుంది, ఆపుతాను.

ప్రయోగాత్మక ప్రతి తాలూకు లైసెన్సును ఆమె తీసేయించారు. నా కీ వేయించి, ఫోను ద్వారా యాక్టివేషన్ చేసే తెర తెరిపించారు. అక్కడ కనిపించే పొడవాటి ఇన్‌స్టలేషన్ ఐడీని నేను చదవాలి. ఆమె తమవైపు నమోదు చేసుకుని, తిరిగి 48 అంకెల కన్ఫర్మేషన్ ఐడీని చెప్పాలి. ఏ నుంచి హెచ్ దాకా 8 గడులు, గడికి 6 అంకెలు. ఒక్క అంకె తప్పినా మొత్తం చెల్లదు. ఆమె మూడు అంకెలు చెప్పి ఆగేవారు, నేను తిరిగి చెప్పాక తక్కిన మూడు చెప్పేవారు.

డీ గడి దగ్గర ఉండగా, ఆమె వెనుక నుంచి ఎవరిదో గొంతు వినిపించింది: “బండి బయల్దేరుతోంది, రావా?” ఆమె ఫోను కొంచెం పక్కకు పెట్టి, “మీరు వెళ్లండి, నేను తర్వాత వస్తాను” అన్నారు. అంటే ఆమె పనివేళ ఎప్పుడో అయిపోయింది. నన్ను ఇంకొకరికి అప్పగించి వెళ్లిపోయి ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదు, నాకు కారణమూ తెలిసేది కాదు. అక్కడ నా గొంతు పెగల్లేదు. ఆ వారమంతా ఎవరి మీదా విసుక్కోకుండా బిగపట్టుకున్నదంతా ఒక్కసారి బయటపడింది. ఫోనులో ఒక అపరిచితురాలికి ఏడుపు వినిపించడం ఎంత ఇబ్బందిగా ఉంటుందో అనుభవించినవారికే తెలుస్తుంది. ఆమె ఏమైందని అడగలేదు, ఓదార్చే మాటలూ చెప్పలేదు. కాసేపు ఊరుకుని, “తొందరేం లేదండీ. డీ మళ్లీ మొదటి నుంచి చెబుతాను, రాసుకోండి” అన్నారు.

హెచ్ గడి నిండాక, పై పట్టీలోని బొత్తాలకు రంగు వచ్చింది. ఒక గడిలో అంకె మార్చి, సేవ్ చేసి, మూసి, మళ్లీ తెరిచి చూసేదాకా ఆమె లైను వదలలేదు. ధన్యవాదాలు అన్నాను. ఇంకా ఏదో అనాలనుకున్నాను, మాట రాలేదు. సంభాషణ ముగిశాక వచ్చే సర్వేలో అయిదుకు అయిదు ఇచ్చాను. ఆమె చేసినదానికి ఆ అయిదు ఎంత చిన్నవో ఆ సర్వే రూపొందించినవారికి తెలియకపోవచ్చు. అమ్మా, మీరు ఆ రాత్రి ఇంటికి ఎలా చేరుకున్నారో నాకు తెలియదు. మీ దయవల్ల కొన్ని కుటుంబాలకు జీతం తేదీ తప్పలేదు.

మావారూ మా అమ్మాయీ ఈ రోజుల్లో ఇల్లంతా చూసుకున్నారు, వారికి కృతజ్ఞతలు.

అన్నట్టు, పాత బిల్లు రంగు వెలిసి చదవడానికి వీల్లేకపోతే, రిజిస్టర్లు తిరగేసి నకలు తీసిచ్చిన దుకాణం గుమస్తాగారిని మరిచిపోయాను, క్షమించాలి. ఇలాంటి పనులకే వాడే లిబ్రేఆఫీసు అన్న మరో సాఫ్ట్‌వేరును 2010 నుంచి నిలబెడుతూ ఉచితంగా అందిస్తున్న ముఖం తెలియని స్వచ్ఛంద కార్యకర్తలకు కూడా నమస్కారాలు. నా పట్టికలో లెక్కలను వాటంతటవే నడిపించే చిన్న ఆదేశాలు, మాక్రోలు, అందులో పూర్తిగా నడవలేదు గానీ, ఉత్తరాలూ జాబితాలూ అన్నీ దానితోనే నెగ్గుకొచ్చాను. ఇంకా, రెండు సంస్థల జీతాలు ముందుగా వేయడానికి తన ల్యాప్‌టాప్ ఇచ్చిన పై అంతస్తు మాస్టారుగారూ, మీ పేరు మొదటే రాయవలసింది. ఛార్జరు ఇంకా నా దగ్గరే ఉండిపోయింది, సోమవారం తెచ్చిస్తాను.