సెప్టిక్ ట్యాంకు నెలల ముందే చెబుతుంది

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. వానలు గట్టిగా పట్టకముందే ఈ ఉత్తరం మీ పత్రికలో వస్తే నలుగురికి పనికొస్తుందని రాస్తున్నాను.

కిందటేడాది వరలక్ష్మీ వ్రతానికి ముందు రోజు సాయంత్రం మా ఇంట్లో కింది బాత్‌రూమ్ నేల జాలీలోంచి నల్లటి నీళ్లు పైకి తన్నుకొచ్చాయి. ఇంట్లో చుట్టాలతో కలిపి పదకొండు మందిమి. పూజగదికీ ఆ బాత్‌రూమ్‌కీ మధ్య ఒక్క గోడే అడ్డం. ఆ రాత్రి మేం పడ్డ టెన్షన్ పగవాళ్లకు కూడా వద్దు. తర్వాత నిదానంగా ఆలోచించుకుంటే తెలిసింది, మా సెప్టిక్ ట్యాంకు నాలుగు నెలల ముందు నుంచీ మాకు చెబుతూనే ఉంది.

ఉగాది దాటిన దగ్గర్నుంచి వంటింటి సింకులో నీళ్లు వదిలితే పక్క బాత్‌రూమ్ కమోడ్‌లో బుడబుడమని చప్పుడు వచ్చేది. ఫ్లష్ చేస్తే నీళ్లు ఒకసారి పైకి లేచి మెల్లగా దిగేవి. పైపులో ఏదో అడ్డం పడిందనుకుని రెండుసార్లు యాసిడ్ పోశాం. సాయంత్రం పూట పెరట్లో కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే వీధి కాలువ వాసనేలే అని కిటికీలు మూసుకున్నాం. ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు భూమిలోకి ఇంకే ఇంకుడు గుంత పక్కన కనకాంబరాలు ఎప్పుడూ లేనంత ఏపుగా పెరిగితే సంతోషపడ్డాం కూడా. మా అత్తగారికి 78 ఏళ్లు. రోజూ తులసికోటకు నీళ్లు పోసి వచ్చేటప్పుడు ఆ మూలకేసి చూసేవారు. "ఇంత ఎండల్లో ఆ చోట తడి ఎందుకు ఆరట్లేదే?" అని వైశాఖంలోనే అడిగారు. ఆవిడ మాట మేమెవరం పట్టించుకోలేదు.

బాత్‌రూమ్‌లో ఒక్క చోట మాత్రమే నీళ్లు నిలిస్తే అది ఆ పైపు గొడవ. సింకు, కమోడ్, స్నానాల గది మూడూ ఒకేసారి నెమ్మదిస్తే, ఒకచోట నీళ్లు వదిలితే ఇంకోచోట చప్పుడు వస్తే, అది ట్యాంకుదో ఇంకుడు గుంతదో అనుకోవాలి. అన్నిటికంటే పల్లంలో ఉన్న కింది అంతస్తు జాలీలోనే మొదట బయటపడుతుంది. మేడ మీద ఉన్నవాళ్లకు ఏమీ తెలియదు, కింద అద్దెకున్నవాళ్లు చెబితే "మీరే ఏదో పడేసి ఉంటారు" అంటాం. ఇళ్లు అద్దెకిచ్చేవాళ్లందరూ ఈ ఒక్క విషయం గుర్తుంచుకోవాలని నా మనవి.

మనం "ట్యాంకు నిండింది" అంటాం గానీ, సెప్టిక్ ట్యాంకులో నీళ్లు ఎప్పుడూ బయటికి పోయే గొట్టం మట్టం దాకా ఉండాల్సిందే. మూత తీయగానే నీళ్లు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. లోపల మూడు పొరలుంటాయి. పైన జిడ్డు తెట్టు, మధ్యలో నీరు, అడుగున మడ్డి. ఆ మడ్డి ఏళ్ల తరబడి పేరుకుని, మధ్యలో నీటికి చోటు తగ్గిపోతే, మలం అడుగుకు దిగే వ్యవధి లేక నేరుగా ఇంకుడు గుంతలోకి కొట్టుకుపోతుంది. అక్కడ మట్టి రంధ్రాలు జిగురు పట్టి మూసుకుపోతాయి. ట్యాంకును మురుగు లాగే బండితో లాగించుకోవచ్చు, పాడైన ఇంకుడు గుంతను మాత్రం తవ్వి మళ్లీ కట్టుకోవాల్సిందే. మూడేళ్లకోసారి ట్యాంకు తీయించడం అసలు ఆ గుంతను కాపాడుకోవడానికే అని మాకు ఆలస్యంగా అర్థమైంది.

నీటి మట్టమే చాలా సంగతులు చెబుతుంది. గొట్టం కంటే పైకి నీళ్లు నిలిచాయంటే గుంత తాగడం మానేసిందని అర్థం. గొట్టం కంటే బాగా కిందికి ఉన్నాయంటే ట్యాంకు పగిలి మురుగు భూమిలోకి కారుతోందన్నమాట. బండితో లాగించిన వారం పది రోజులకే మళ్లీ పొంగితే ఇంకోసారి బండిని పిలిచి డబ్బు తగలేయకండి, చూడాల్సింది గుంతను. మా డెల్టాలో ఇంకో బాధ ఉంది. కాలువలకు నీళ్లొదిలి, వానలు కూడా పడ్డాక నాలుగడుగులు తవ్వితే నీరే. అప్పుడు గుంతలోంచి భూగర్భ జలమే వెనక్కి ట్యాంకులోకి వస్తుంది. అందుకే ఈ పని ఎండల్లోనే చేయించుకోవాలి. శ్రావణంలో పరుగులు పెడితే ఏమవుతుందో మేం చూశాం.

వెంట్ పైపు గురించి కూడా చెప్పాలి. దోమలొస్తున్నాయని చాలామంది దాని మూతికి పాలిథిన్ కవరు కట్టేస్తారు. అప్పుడు గ్యాస్ బయటికి పోలేక బాత్‌రూమ్‌లోకే తిరిగొస్తుంది. కట్టాల్సింది నైలాన్ వల. ఇక వాసన వచ్చినప్పుడల్లా బాటిళ్లకు బాటిళ్లు యాసిడ్, ఫినాయిల్ పోస్తే మలాన్ని కరిగించే సూక్ష్మజీవులు చచ్చి మడ్డి ఇంకా త్వరగా పేరుకుంటుంది. మా ఇంట్లో మేం చేసింది అదే.

ఇది ఒక్క ఇంటి సమస్యగా ఆగదు. సెప్టిక్ ట్యాంకుల మీద భారత ప్రమాణాల సంస్థ నిబంధన ఐ.ఎస్. 2470 ఉంది. ఇంకుడు గుంత తాగునీటి బావికి కనీసం 18 మీటర్ల దూరంలో ఉండాలని అందులో ఉంది. అంటే దాదాపు 60 అడుగులు. మూడు సెంట్ల స్థలంలో ఇల్లు కట్టుకున్నవాళ్లకు ఆ దూరం ఎక్కడ దొరుకుతుంది? పైగా మనం వాస్తు ప్రకారం బోరు ఈశాన్యంలో వేస్తాం, సెప్టిక్ ట్యాంకు వాయవ్యంలో కడతాం. మన ఇంట్లో రెండూ దూరంగానే ఉన్నట్టు కనిపిస్తాయి. కానీ మన వాయవ్యం మూలకు ఆనుకుని ఉండేది పడమటింటివాళ్ల ఈశాన్యం. మా గుంత పాడైన ఆ నాలుగు నెలలూ గోడకు అవతల పక్కింటి పిన్నిగారు ఆ బోరు నీళ్లతోనే గిన్నెలు తోముకున్నారు, బియ్యం కడిగారు. ఆవిడకు విషయం చెప్పడానికి వెళ్లినప్పుడు నాకు మాట పెగల్లేదు. బోరు నీటికి రంగు, వాసన మారేదాకా ఆగకూడదు. సూక్ష్మక్రిములున్నాయో లేదో తెలుసుకోవడానికి చిన్న సీసా పరీక్ష ఉంది. అందులో నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే, కలుషితమైన నీరైతే నల్లబడుతుంది.

ఇప్పుడు నన్ను అన్నిటికంటే బాధపెట్టిన సంగతి. ఆ రాత్రి బండి పదకొండింటికి వచ్చింది. వచ్చినవాళ్లు ఇద్దరు కుర్రాళ్లు. పైపు వేసి లాగితే నీళ్లు వచ్చాయి, అడుగున మడ్డి కదల్లేదు. ఆరేళ్లుగా తీయించకపోవడంతో అది గడ్డకట్టిపోయింది. వారిలో చిన్నవాడు చొక్కా విప్పి, మడతపెట్టి, దాని మీద సెల్‌ఫోను పెట్టి మా పిట్టగోడ మీద ఉంచాడు. "దిగి పారతో కదుపుతానండి, పది నిమిషాల పని" అన్నాడు. మా ఆయన అతని చెయ్యి పట్టుకుని ఆపేశారు. "ఏం కాదండి, మాకు అలవాటే" అన్నాడతను. చివరికి మా మోటారుతో ట్యాంకులోకి నీళ్లు కొట్టి, పొడవాటి వెదురుగడతో పైనుంచే కలియబెట్టి, మళ్లీ మళ్లీ లాగారు. గంటన్నర ఎక్కువ పట్టింది, అంతే. ఆ కుర్రాడు మడత విప్పి చొక్కా తొడుక్కుని వెళ్లాడు.

ఆ ట్యాంకులో ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు మోతాదు పెరిగితే ముక్కుకు వాసన పసిగట్టే శక్తే పోతుంది. వాసన తగ్గిందనుకుని వంగినవాడు స్పృహతప్పి పడిపోతాడు. అతన్ని కాపాడబోయి దిగినవాడూ పడిపోతాడు. ఇలాంటి వార్తలు మీ పత్రికలోనే ఎన్నిసార్లు చదివామో. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దింపడం, మనుషులతో మలం ఎత్తించే పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు పడొచ్చు. చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. చట్టం సంగతి అలా ఉంచండి. మేం వైశాఖంలోనే బండిని పిలిచి ఉంటే, అంతకుముందు మూడేళ్లకోసారి తీయించి ఉంటే, ఆ మడ్డి గడ్డకట్టేదే కాదు, ఆ అబ్బాయి చొక్కా విప్పాల్సిన అవసరమే వచ్చేది కాదు. పొంగిన తర్వాత పిలిస్తే ఇంటివాళ్లకు తొందర, బండివాళ్లకు తొందర. ప్రాణం పోయేది ఆ తొందరలోనే.

అందుకే మున్సిపాలిటీలను అడుగుతున్నాను. ఫోన్ చేస్తే బండి పంపడం ఒక్కటే చాలదు. కుళాయి బిల్లు, ఇంటిపన్ను లెక్క ఉన్నట్టే ఏ ఇంటి ట్యాంకు ఎప్పుడు తీశారో లెక్క పెట్టుకుని, వార్డుల వారీగా వంతు ప్రకారం మీరే రండి. మన తెలుగు నేల మీద ఇది కొత్త మాటేమీ కాదు. మల వ్యర్థాల నిర్వహణకు వరంగల్ నగరపాలక సంస్థ 2016లోనే నిబంధనలు తెచ్చింది. మా పశ్చిమ గోదావరిలోనే నరసాపురంలో మడ్డిని శుద్ధి చేసే ప్లాంటు కట్టారు. అలాంటివి ప్రతి పట్టణానికీ అందుబాటులో ఉండాలి. లేకపోతే రాత్రిపూట బండ్లు లాగిన మురుగు ఏ పంట కాలువలో పడుతుందో అందరికీ తెలుసు. మా వైపు పట్టణాల మంచినీళ్ల చెరువులు నిండేదీ ఆ కాలువలతోనే.

ఖర్చు లేని పని ఇంకొకటి ఉంది. ఇంటిపన్ను నోటీసు వెనకాల ఖాళీగానే ఉంటుంది. బుడబుడ చప్పుడు, ఆరని తడి, సాయంత్రం వాసన, ఏపుగా పెరిగిన గడ్డి, కింది జాలీలో పైకొచ్చే నీళ్లు, ఈ గుర్తులు బొమ్మలతో అక్కడ అచ్చు వేయండి. ట్యాంకు మూత మీదికి వంగొద్దని, దగ్గర అగ్గిపుల్ల గీయొద్దని కూడా రాయండి. కొత్త ఇంటికి ప్లాను ఇచ్చేటప్పుడే మూత టైల్స్ కింద కప్పేయకూడదని గట్టిగా చెప్పండి. మా వీధిలో నాలుగిళ్లలో ట్యాంకు ఎక్కడుందో ఆ ఇంటివాళ్లకే తెలియదు.

సంపాదకులు గారూ, వేసవిలో మీ జిల్లా పేజీలో వడదెబ్బ జాగ్రత్తలు వేసినట్టే, ఏటా ఉగాది తర్వాత సెప్టిక్ ట్యాంకు గుర్తులు కూడా ఒకసారి వేయమని కోరుతున్నాను. మా ఇంట్లో మూత పక్కన గోడ మీద తీయించిన తేదీ, మళ్లీ తీయించాల్సిన నెల పెయింటుతో రాయించాం. అది ఎక్కడ రాస్తే అందరికీ కనిపిస్తుందో చూపించింది మా అత్తగారే.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పశ్చిమ గోదావరి జిల్లా