డబ్బా పెయింట్ కొట్టి పాడైన తలుపుకు మొత్తం రంగు వేయనక్కర్లేదు

నమస్కారం. విజయవాడ ఆటోనగర్‌లోని మా డెంటింగ్, పెయింటింగ్ షెడ్డుకు కార్లు తెచ్చే అందరికీ ఒక మాట చెప్పాలి. కొందరికి క్షమాపణ కూడా చెప్పుకోవాలి.

ఇంట్లో సొంతంగా టచప్ చేసుకోబోయి రంగు పాడుచేసుకున్నవాళ్లు నెలకు నలుగురైదుగురు మా దగ్గరకు వస్తారు. ఇన్నేళ్లుగా వాళ్లందరికీ నేను చెప్పింది ఒకటే: "ఇది కలవదండీ, ప్యానెల్ మొత్తం వేయాల్సిందే." ప్యానెల్ అంటే తలుపు, బానెట్ లాంటి ఒక్కో భాగం. తలుపుకైతే 4,500 రూపాయలు. అది అబద్ధం కాదు కానీ పూర్తి నిజమూ కాదు. ప్యానెల్ మొత్తం వేయడం మాకు సులువు. షేడ్ ఎక్కడ కలపాలా అన్న బెంగ ఉండదు, రెండు రోజుల్లో బండి బయటికి పోతుంది, తిరిగి మాట రాదు. చిన్న మచ్చను సరిచేయాలంటే పూటంతా దాని ముందే కూర్చోవాలి, చేతికి వచ్చేది వెయ్యి లోపు. అందుకే అలాంటి పని ఒకటి ఉందని కూడా చెప్పేవాణ్ణి కాదు. గోటితో పోయేదానికి మీచేత గొడ్డలి పట్టించాను.

పోయిన వానాకాలంలో ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. వెండి రంగు వాగన్ఆర్, 2014 బండి. వెనక తలుపు మీద గేటు గీసుకుని జానెడు గీత పడిందట. దాన్ని కప్పడానికి దుకాణంలో 'సిల్వర్' అని మాత్రమే రాసి ఉన్న స్ప్రే డబ్బా కొని, వాన వెలిసిన సాయంత్రం వాకిట్లోనే కొట్టారు. మధ్యలో రంగు ముద్దగా పడి, మూడు చారలు కిందికి కారి అలాగే గట్టిపడ్డాయి. గాలిలో తేమకు రంగు పాలు కలిపినట్టు తెల్లబారింది. హ్యాండిల్ దాకా పొడిపొడిగా రంగు రాలి, చేత్తో తడిమితే ఉప్మా రవ్వ తగిలినట్టుంది. కంగారులో గిన్నెలు తోమే పీచుతో రుద్దారు. ఆ గుండ్రటి గీతలు ఎండలో సాలెగూడులా మెరుస్తున్నాయి.

అలవాటుగా 4,500 అన్నాను. ఆయన కాసేపు తలుపు వైపే చూసి, "అంత పెట్టలేను బాబూ. నా పాత గీత నాకు తెచ్చిపెట్టగలవా? దానితో నాకు ఇబ్బంది లేదు" అన్నారు.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే తెచ్చిపెట్టగలను. కంపెనీలో వేసిన రంగును ఓవెన్‌లో కాలుస్తారు, అది ఒకసారి గట్టిపడ్డాక, రంగు పలచన చేసే ద్రవమైన థిన్నర్‌తో తడిపిన గుడ్డతో తేలిగ్గా తుడిస్తే కరగదు. దుకాణాల్లో దొరికే మామూలు డబ్బా రంగు మాత్రం ఊరికే ఆరుతుంది, థిన్నర్ తగిలితే మళ్లీ కరుగుతుంది. తలుపు లోపలి అంచున ముందు పరీక్షించి, మెత్తటి గుడ్డకు కొంచెం థిన్నర్ పట్టించి, రుద్దకుండా అద్ది తీస్తూ పోయాం. గుడ్డ మడత మార్చిన ప్రతిసారీ వెండి మరక దిగింది. పావుగంటకు గీత బయటపడింది. మాస్టారు దాన్ని వేలితో తడిమి చూసుకున్నారు.

తర్వాత రాలిన పొడిని, పీచు గీతలను 2000 నంబరు వాటర్ పేపరుతో (నీళ్లతో రుద్దే చాలా మెత్తటి ఉప్పు కాగితం), ఆ తర్వాత 3000తో, సబ్బు నీళ్లు పోస్తూ నెమ్మదిగా తీసి, మెరుపు తెచ్చే పాలిష్ ముద్ద కాంపౌండ్ పట్టాం. ఇక్కడే చాలామంది ఇంట్లో దెబ్బతింటారు. రంగు మీద రంగు లేకుండా అద్దంలా ఉండే క్లియర్ పొర మందం 40, 50 మైక్రాన్లే, అంటే మన తల వెంట్రుక కంటే పలచన. ముతక ఉప్పు కాగితంతో నాలుగు రుద్దులు రుద్దితే అది పోతుంది, ఆపైన ఏ పాలిషూ కాపాడదు.

గీతలో నింపడానికి ఆ కారు కోడ్ ప్రకారం రంగు కలిపించాం. వెండి రంగు ఒకటే ఉండదు. మాస్టారి బండిది సిల్కీ సిల్వర్, దానికి మారుతి ఇచ్చిన కోడ్ జెడ్2ఎస్. మీ కారు కోడ్ కూడా కంపెనీని బట్టి బానెట్ కిందో, డ్రైవర్ తలుపు తెరిస్తే కనిపించే స్తంభం మీదో ఉంటుంది. చివర చెక్కిన అగ్గిపుల్లతో గీతలోకి మాత్రమే రంగు దించాం. ఆరితే రంగు కుంగుతుంది కాబట్టి అరగంటకొకసారి చొప్పున నాలుగు సార్లు. వారం వదిలేసి, మళ్లీ పిలిచి, ఉబ్బిన చోట సమం చేసి పాలిష్ పెట్టాం. మొత్తం 900 రూపాయలు తీసుకున్నాను.

మూడడుగుల దూరం నుంచి ఆ గీత కనిపించదు. దగ్గరికి వెళ్లి, సాయంత్రపు ఏటవాలు ఎండలో వెతికితే కనిపిస్తుంది. మెటాలిక్ రంగులో ఉండే అల్యూమినియం రేకులు గన్‌తో కొడితే ఒక తీరున పరుచుకుంటాయి, పుల్లతో పెడితే మరో తీరున. కోడ్ సరిపోయినా వెలుగు ఒకేలా తిరగదు. ఈ సంగతి పనికి ముందే చెబుతాం, ఒప్పుకుంటేనే మొదలుపెడతాం.

ఇప్పటి నుంచి ఈ పనిని విడిగా పెడుతున్నాం. అరచేతి కంటే చిన్న మచ్చలకు 700 నుంచి 1,200 వరకు అవుతుంది, వారం ఎడంతో రెండుసార్లు రావాలి. వాన పడుతున్న రోజుల్లో రంగు నింపం, తేదీ మారుస్తాం.

ఇది మొదలుపెట్టిన కొత్తలో మేం చేసిన పొరపాటు కూడా తెలియాలి. ఒక తెల్ల కారు బంపర్ మీద డబ్బా రంగు తీయబోయి, పరీక్షించకుండానే మా కుర్రాడు థిన్నర్ పెట్టాడు. ఆ బంపర్‌కు అంతకుముందే వేరే చోట చవక రంగు వేయించారట. కింది రంగుతో సహా ఊడి నల్ల ప్లాస్టిక్ బయటపడింది. పరీక్షించమని చెప్పాల్సింది నేను, చెప్పలేదు. బంపర్ మొత్తం మా ఖర్చుతో వేసి ఇచ్చాం. పాపం, ఆ కారు ఓనరు రెండు రోజులు కారు లేకుండా తిరగాల్సి వచ్చింది. ఆ తర్వాత రంగు మందం కొలిచే మీటరు కొన్నాను. కంపెనీ రంగు సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. 250 దాటితే ఇదివరకు రంగు వేశారని అర్థం, అప్పుడు థిన్నర్ జోలికి పోం. ప్లాస్టిక్ మీద మా మీటరు పనిచేయదు కాబట్టి బంపర్లకు కింది అంచున పరీక్షించాకే చెయ్యి వేస్తాం.

అన్నీ ఇలా కుదరవు. రేకు బయటపడి తుప్పు పట్టి ఉంటే తుప్పు తీసి, ప్రైమర్ వేసి, మళ్లీ రంగు వేయాల్సిందే. పైన పూసి పంపితే ఆరు నెలల్లో బుడగలు లేస్తాయి. మూడు పొరల ముత్యపు తెలుపులో చిన్న మచ్చను కలిపే నేర్పు ఇంకా మాకు రాలేదు, అది ఒప్పుకోం.

మీ చేతుల్లో ఇప్పటికే రంగు పాడై ఉంటే దయచేసి అక్కడితో ఆపండి. బ్లేడుతో గీకవద్దు, గోళ్ల రంగు తుడిచే ద్రవం పోయవద్దు. టూత్‌పేస్టు పైపై మెరుపు ఇస్తుంది తప్ప గోరు ఆగేంత లోతు గీతను నింపదు. ఇంకొకటి, ఇది అన్నిటికంటే ముఖ్యం: గట్టిపరిచే ద్రవం కలిసే టూకే క్లియర్ డబ్బాలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఇంటికే వస్తున్నాయి. అందులోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి, ఒకసారి అవి ఒంటికి సరిపడకుండా పోతే ఆ తర్వాత కొద్దిపాటి వాసనకే ఆయాసం రావచ్చు. ముక్కుకు చేతిరుమాలు కట్టుకుంటే చాలదు. పిల్లలు తిరిగే ఇంట్లో అసలే కొట్టవద్దు.

వచ్చేటప్పుడు మీరు వాడిన డబ్బా కూడా తీసుకురండి, ఖాళీదైనా సరే. అది మామూలు రంగో టూకేనో దాని మీద చూస్తేనే ఎలా తీయాలో, అసలు తీయగలమో లేదో మీ ముందే చెప్పగలం. చూసి చెప్పడానికి డబ్బులు తీసుకోం.