ఏ మడ ఎక్కడ నాటుతున్నారో కాస్త చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

విశాఖలో మడ (మాంగ్రూవ్) మొక్కలు నాటుతున్నారంటే సంతోషమే, కానీ ఏ మడ నాటుతున్నారని అడిగితే చెప్పేవాళ్లు ఉండటం లేదు. తెల్లమడ, నల్లమడ రెండూ అవిసీనియా ప్రజాతివే. ఒకప్పుడు వేరే కుటుంబంలో ఉంచినా ఇప్పుడు అకాంథేసీలో, అంటే మనం జడలో పెట్టుకునే కనకాంబరం కుటుంబంలోనే చేర్చారు. అంత దగ్గర చుట్టాలైనా రెండింటికీ ఒకే నేల సరిపడదు.

గుర్తుపట్టడం పెద్ద కష్టమేం కాదు, ఆకు తిప్పి చూడండి చాలు. తెల్లమడ ఆకు కొన మొనదేలి ఉంటుంది, అడుగున బూడిద పూసినట్టు తెల్లగా కనిపిస్తుంది. నల్లమడ ఆకు కొన గుండ్రంగా, అడుగు కాస్త పసుపు కలిసిన ఆకుపచ్చగా ఉంటుంది. పువ్వులు రెండింటివీ పసుపే గానీ నల్లమడవి పెద్దవి, దాదాపు సెంటీమీటరు ఉంటాయి. ఏ ఆకు నాలుకకి తగిలించినా ఉప్పగానే ఉంటుంది, పీల్చుకున్న ఉప్పుని ఆకుల మీదికి నెట్టేస్తాయి మరి.

అసలు తేడా ఆ ఉప్పుని తట్టుకోవడంలోనే ఉంది. తెల్లమడ ఎంత ఉప్పునైనా ఓర్చుకుంటుంది, అందుకే ఎర్రసముద్రం నుంచి న్యూజిలాండ్ దాకా పెరుగుతోంది. నల్లమడకి కొంచెం మంచినీళ్లు కలిసే చోటు కావాలి. కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవికి గోదావరి నీళ్లు వస్తాయి కాబట్టి అక్కడ రెండూ బాగున్నాయి, మన మేఘాద్రిగెడ్డ వాగు నీళ్లు పైన రిజర్వాయర్‌లోనే ఆగిపోతుంటే కింద పోటు నీళ్లలో నల్లమడ నాటి ఏం లాభం?

అంతరించే ప్రమాదాన్ని లెక్కగట్టే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ రెడ్ లిస్టులో రెండింటికీ ముప్పు తక్కువనే రాశారు. ఆ మాట చెప్పి తప్పించుకుంటే నాకు ఒళ్లు మండుతుంది, అది ప్రపంచం మొత్తం లెక్క. మన పోర్టు 1933లో మొదలైంది ఈ గెడ్డ కలిసే చిత్తడి నేలలోనే, ఇప్పుడు అక్కడ మిగిలినవి అక్కడక్కడా మడ అడవి ముక్కలే. 2019 సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ) నోటిఫికేషన్ ప్రకారం మడ అడవి వెయ్యి చదరపు మీటర్లు దాటితే చుట్టూ 50 మీటర్లు వదలాలి.

కాబట్టి కొత్తవి నాటే ముందు గెడ్డ పొడవునా ఏ మడ ఎక్కడ బతికి ఉందో సర్వే చేయించండి, నారుకి కాయలు ఆ చెట్లవే ఏరండి, వాటి పక్కన బిల్డింగ్ చెత్త పోసే లారీలని ఆపండి.

- ఒక పాఠకురాలు, మల్కాపురం, విశాఖపట్నం