మెరుపు చూసి పాకెట్ ట్రంపెట్‌కు ధర కట్టొద్దు

సంపాదకుల వారికి,

వాడిన సంగీత వాద్యాల అమ్మకపు ప్రకటనల్లో పాకెట్ ట్రంపెట్ గురించి ఎక్కువగా కనిపించే మాటలు మూడు: ‘కొత్తదానిలా మెరుస్తోంది’, ‘పెట్టెతో సహా ఇస్తాం’, ‘పిల్లలకు బాగుంటుంది’. వీటిలో ఏదీ దాని విలువ చెప్పదు. మూడోదైతే కొనేవారిని తప్పుదారి పట్టిస్తుంది కూడా. ఊదే ఈ ఇత్తడి వాద్యం విలువంతా వాల్వ్‌ల (స్వరం మార్చడానికి వేళ్లతో నొక్కే మీటల) బిగువులో, శ్రుతిలో ఉంటుంది. ఆ రెండింటినీ అరగంటలో, పెద్ద పరికరాలేవీ లేకుండా పరీక్షించుకోవచ్చు. అమ్మేవారూ కొనేవారూ ఇద్దరూ నష్టపోకూడదని ఆ పద్ధతిని మీ పాఠకుల కోసం రాస్తున్నాను.

ముందు పరిమాణం సంగతి. పాకెట్ ట్రంపెట్ అంటే చిన్న ట్రంపెట్ కాదు, దగ్గరగా చుట్టిన ట్రంపెట్. మామూలు బి ఫ్లాట్ ట్రంపెట్‌లో గొట్టం పొడవు దాదాపు 148 సెంటీమీటర్లు. ఇందులోనూ అంతే. ఆ గొట్టాన్నే ఇంకో చుట్టు తిప్పి జానెడు పొడవులో ఇమిడ్చారు. కాబట్టి ఊపిరి తక్కువ పట్టదు, పెదవుల కష్టమూ తగ్గదు. చిన్న చేతులకు పట్టుకోవడం సులువే కానీ, బిగుతైన వంపుల వల్ల, చాలా రకాల్లో గరాటు మూతి చిన్నది కావడం వల్ల శ్రుతి నిలపడం మామూలు ట్రంపెట్ కంటే కష్టం. నేర్చుకోవడం మొదలుపెట్టే పిల్లలకు ఇది తగదు. అలాగని ఆటబొమ్మా కాదు. 1950ల చివర్లో ఆర్నెట్ కోల్‌మన్ జాజ్ బృందంలో డాన్ చెర్రీ వాయించింది ఈ తరహా వాద్యమే.

ఆటబొమ్మ లాంటివి వేరే ఉన్నాయి. గోడకు, అల్మరాకు అలంకారంగా చేసిన ఇత్తడి బాకాలను కూడా పాకెట్ ట్రంపెట్లుగానే అమ్ముతుంటారు. వాటిని గుర్తుపట్టడం తేలిక. మామూలు ట్రంపెట్ మౌత్‌పీస్ (పెదవులు ఆనించి ఊదే ముక్క) వాటిలో కుదురుగా కూర్చోదు. వాల్వ్ లోపల పైకీ కిందికీ కదిలే పిస్టన్ల మీద 1, 2, 3 అంకెలుండవు, పిస్టన్ నొక్కితే గరగరమంటుంది, స్లైడ్‌లు (లోపలికీ బయటకూ జరిపే వంపు గొట్టాలు) కదలవు. వాటికి ఇత్తడి బరువును బట్టి, అందాన్ని బట్టి ధర కట్టాలి తప్ప వాద్యంగా కాదు. మౌత్‌పీస్ కుదరనంత మాత్రాన వెంటనే అలంకార వస్తువని తీర్మానించకూడదు. కొన్ని అసలైన పాకెట్ వాద్యాలు ట్రంపెట్‌ను పోలిన కార్నెట్ అనే వాద్యపు మౌత్‌పీస్ తీసుకుంటాయి. దాని కాడ ట్రంపెట్ మౌత్‌పీస్ కాడ కంటే సన్నం. ఏది పడుతుందో అమ్మేవారే ప్రకటనలో చెప్పాలి.

ఇక వాల్వ్‌లు. ధరలో సగం ఇక్కడే తేలుతుంది. పిస్టన్‌కూ దాని గూటికీ మధ్య సందు కొత్తలో మిల్లీమీటరులో నూరో వంతులు మూడో నాలుగో ఉంటుంది. అది రెట్టింపైతే గాలి పక్కదారి పడుతుంది. స్వరం మసకబారుతుంది, కింది స్వరాలు మొదలవడానికి మొరాయిస్తాయి. కంటితో చూసి దీన్ని పట్టుకోలేం, గాలితో పట్టుకోవాలి.

పిస్టన్లు మూడూ తీసి, పాత నూనెను నూగు రాలని గుడ్డతో తుడిచి, పలుచని మామూలు వాల్వ్ ఆయిల్ నాలుగు చుక్కలు వేసి, ఏ గూటిది ఆ గూట్లో పెట్టాలి. తుడవడం ఎందుకంటే, చిక్కటి నూనె పోస్తే అరిగిన వాల్వ్ కూడా కాసేపు గాలిని ఆపుతుంది, పరీక్ష తప్పుతుంది. స్లైడ్ కాళ్లకు కొంచెం గ్రీజు రాయాలి. లేకపోతే స్లైడ్ దగ్గర పోయే గాలిని వాల్వ్ లోపంగా లెక్కిస్తాం. ఇప్పుడు ఏ వాల్వూ నొక్కకుండా, మొదటి వాల్వ్ స్లైడ్‌ను ఒక సెంటీమీటరు బయటకు లాగి అలాగే పట్టుకోవాలి. మూడు నాలుగు సెకన్లు ఆగి ఆ వాల్వ్ నొక్కాలి. ‘టప్’ మని గట్టిగా వినిపిస్తే బిగువు బాగుంది. నొక్కకముందే లోపలి శూన్యం కరిగిపోయి చప్పుడు రాకపోతే గాలి కారుతోంది. మూడో వాల్వ్‌కూ ఇంతే. రెండో స్లైడ్ చాలా పొట్టిది, గోటితో పట్టి లాగాలి. అక్కడ చప్పుడు సన్నగా వచ్చినా చాలు.

తర్వాత పిస్టన్ ఒంటిని వెలుతురులో తిప్పి చూడండి. నికెల్ పూత ఉన్న పిస్టన్ మీద ఎక్కడైనా రాగి రంగో ఇత్తడి రంగో బయటపడితే పూత అరిగిందన్నమాట. మోనెల్ లోహంతో చేసిన పిస్టన్‌కు పూత ఉండదు కాబట్టి దానికి ఈ పరీక్ష వర్తించదు. నిలువునా గీతలుంటే ఎవరో మురికితోనే ఊదారు, లేదా అంటుకుపోతున్న వాల్వ్‌ను గరుకు కాగితంతో రుద్దారు. రెండో పని క్షమించరానిది. రుద్దిన వాల్వ్ ఆ రోజుకు జారుతుంది, అమ్మకం జరిగిపోతుంది, పోయిన లోహం మాత్రం తిరిగి రాదు. దాన్ని బాగుచేయాలంటే పిస్టన్‌కు మళ్లీ పూత పోయించి గూటికి సరిపోయేలా సానపట్టాలి. చవక రకం పాకెట్ ట్రంపెట్‌కు ఆ పని చేయిస్తే ఖర్చు కొత్త వాద్యం ధరను దాటుతుంది. కాబట్టి చవక రకంలో ‘టప్’ రాకపోతే బేరమే ఆడకండి.

వాల్వ్ అంటుకుపోవడానికి ఇంకో కారణం పాకెట్ ట్రంపెట్‌లోనే ఎక్కువ. ఇందులో గరాటు గొట్టం వాల్వ్ గూళ్లకు ఆనుకున్నట్టే ఉంటుంది, పొట్టి బద్దీలతో వాటికి టంకం వేసి ఉంటుంది. గరాటుకు దెబ్బ తగిలితే ఆ తోపుడు నేరుగా గూటికి చేరి, గూడు వెంట్రుకవాసి వంగుతుంది. పిస్టన్‌ను నిట్టనిలువుగా నొక్కినప్పుడు జారి, కాస్త పక్కకు ఒత్తి నొక్కినప్పుడు ఆగిందంటే అనుమానించాల్సింది దీన్నే. నూనె దీనికి మందు కాదు.

అంకెలు తారుమారుగా పెట్టడం వల్ల, లేదా పిస్టన్ గైడ్ (పిస్టన్ తిరగకుండా ఆపే చిన్న ముక్క) తన గాడిలో కూర్చోకపోవడం వల్ల గాలే పోని వాద్యాలను ‘పాడైపోయింది’ అని అమ్మేస్తుంటారు. అమ్మేవారు ముందు ఇది చూసుకోవాలి. పిస్టన్ మీది అంకె, గూటి మీది అంకె కలిపి, నెమ్మదిగా తిప్పుతూ ‘టిక్’ మని కూర్చునేదాకా చూస్తే సగం రోగాలు అక్కడే పోతాయి. నలిగిన ఫెల్టులు, నీళ్లు వదిలే మీట కింద అరిగిన బెండు, సత్తువ పోయిన స్ప్రింగులు, ఇవన్నీ చిల్లర ఖర్చులు. వీటిని చూపించి పెద్దగా ధర తగ్గించమనడం న్యాయం కాదు.

శ్రుతి పరీక్ష చాలామంది వదిలేస్తారు, అదే పొరపాటు. అయిదు నిమిషాలు ఊది వాద్యాన్ని వేడెక్కించండి. ట్యూనర్‌ను (శ్రుతి చూపే చిన్న పరికరాన్ని) 440 హెర్ట్జ్‌కి పెట్టండి. ఏ వాల్వూ నొక్కకుండా పలికే, ట్రంపెట్ వాయించేవారు ‘సి’ అని పిలిచే స్వరానికి ట్యూనర్ బి ఫ్లాట్ చూపించాలి. ట్యూనింగ్ స్లైడ్‌ను ఒక సెంటీమీటరు లాగితే శ్రుతి కుదరాలి. పూర్తిగా లోపలికి తోసినా శ్రుతి తక్కువగానే ఉంటే దాన్ని బాగుచేయలేం, ఎందుకంటే గొట్టాన్ని కోయాలి. కొన్ని చవక రకాల్లో ట్యూనింగ్ స్లైడే ఉండదు, మౌత్‌పీస్ పట్టే గొట్టాన్నే ముందుకు వెనక్కి జరిపి మరతో బిగిస్తారు. ఆ మర వదులైతే ఊదుతుండగానే శ్రుతి జారుతుంది. తర్వాత కింది సి, మధ్య సి, పై సి మూడూ ఊది చూడాలి. ఒకటి కుదిర్చితే మిగతావి ఎటో పోతుంటే ఆ వాద్యంతో బృందంలో కూర్చోలేరు. ఒక్క మాట: ఖాళీ స్వరాల్లో అయిదో హార్మోనిక్, అంటే పై ‘ఇ’, ప్రకృతిసిద్ధంగానే 14 సెంట్లు (సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు) తక్కువ పలుకుతుంది. దాన్ని లోపంగా లెక్కపెట్టకండి.

అసలు చూడాల్సింది మూడో స్లైడ్. 148 సెంటీమీటర్ల గొట్టానికి మొదటి వాల్వ్ దాదాపు 18, రెండోది 9, మూడోది 28 సెంటీమీటర్లు కలుపుతాయి. విడివిడిగా ఇవి సరిపోతాయి. మొదటిదీ మూడోదీ కలిపి నొక్కితే 46 వస్తుంది, కావలసింది 49 పైచిలుకు. మూడూ నొక్కితే కొరత ఆరు సెంటీమీటర్లు దాటుతుంది. లెక్క ప్రకారం కింది డి 30 సెంట్లు, దాని కిందున్న సి షార్ప్ 50 సెంట్లకు పైగా హెచ్చుతాయి. తయారీదారులు మూడో వాల్వ్ గొట్టాన్ని కాస్త పొడవు చేసి దీన్ని కొంత సర్దుతారు. మిగిలింది వాయించేవారు మూడో స్లైడ్ ఉంగరంలో వేలు పెట్టి తోసి సరిచేయాలి. స్లైడ్‌కు రెండు కాళ్లు కాబట్టి ఒక సెంటీమీటరు జరిపితే గొట్టానికి రెండు కలుస్తాయి. అందుకే అది కనీసం మూడు సెంటీమీటర్లు వేలితో సులువుగా జారాలి. చాలా పాకెట్ ట్రంపెట్లలో చోటు చాలక దానికి ఉంగరమే పెట్టరు, లేదా స్లైడ్ సెంటీమీటరు దగ్గరే ఆగిపోతుంది. అలాంటిది ప్రయాణంలో పెదవుల సాధనకు పనికొస్తుంది, కచేరీకి పనికిరాదు. ఒకే తీరుగా కనిపించే రెండు వాద్యాల మధ్య ధరలో పెద్ద తేడా ఉండటానికి ఒక ముఖ్య కారణం ఇదే.

సొట్టల విషయంలో కొనేవారి భయం తారుమారుగా ఉంటుంది. గరాటు అంచున పెద్ద సొట్ట చూసి వెనక్కి తగ్గుతారు, మౌత్‌పీస్ తర్వాత వచ్చే సన్నటి గొట్టంలో (లోగొట్టంలో) చిన్న నొక్కును పట్టించుకోరు. గరాటు అంచు వంకరను సుత్తితో, గరాటు ఆకారపు దిమ్మతో సరిచేయవచ్చు, స్వరానికి దానివల్ల నష్టం తక్కువ. లోగొట్టం లోపలి వ్యాసం 12 మిల్లీమీటర్ల లోపే. అందులో ఒక మిల్లీమీటరు నొక్కు శ్రుతినీ స్వరం పలికే తీరునూ మారుస్తుంది. మామూలు ట్రంపెట్‌లో పొడవైన నిటారు గొట్టాల్లోకి ఉక్కు గుండు పంపి సొట్ట తీస్తారు. ఇందులో వంపు మీద వంపు ఉంటుంది, గుండు చేరాలంటే ముందు టంకాలు విప్పి గొట్టం బయటకు తీయాలి. అందుకే వంపులోని సొట్టకు మరమ్మతు కూలి ఎక్కువ.

అదే సన్న గొట్టంలో ఇంకో జబ్బు ఉంటుంది. ఊపిరి తేమ వల్ల ఇత్తడిలోని జింకు కరిగిపోయి రాగి మాత్రం బోలుగా మిగులుతుంది. ఇది లోపల పుట్టి బయటకు వస్తుంది. గులాబీ రంగు మచ్చ, మధ్యలో నల్లటి చుక్క కనిపిస్తే గొట్టానికి రోజులు దగ్గరపడ్డాయి. గుడ్డతో రుద్దితే పోయే గోధుమరంగు మరక, పచ్చటి చిలుము, వెండి పూత నల్లబడటం, ఇవేవీ అది కాదు, వాటికి భయపడనక్కర్లేదు. తళతళలాడే వాద్యాన్నే ఎక్కువ అనుమానించాలి. చెక్కిన అక్షరాల అంచులు, రెండో వాల్వ్ గూటి మీది సీరియల్ నంబరు మొద్దుబారి కనిపిస్తే, దాన్ని యంత్రం మీద గట్టిగా మెరుగుపట్టి కొత్త పూత వేశారు. లోహం పలుచనైంది. పైన పటారం, లోన లొటారం.

ఇరుక్కున్న మౌత్‌పీస్‌ను పట్కారుతో మెలితిప్పిన గుర్తులున్నా జాగ్రత్తపడాలి. ఆ మెలికకు లోగొట్టం టంకం ఊడుతుంది, ఊదినప్పుడు జుమ్మని అదురుతుంది. మౌత్‌పీస్ తీసే చిన్న మరసాధనం ఉంటుంది, పని నిమిషంలో అయిపోతుంది.

పేరు విషయానికొస్తే, ఒకే కర్మాగారంలో చేసిన వాద్యం మీద పది రకాల పేర్లు చెక్కి అమ్ముతారు. తెలియని పేరుకు విలువ కట్టకండి, నిర్మాణానికి కట్టండి. బెంజ్, కాన్స్టుల్, కరోల్ బ్రాస్, జూపిటర్ వంటి పేర్లకు మళ్లీ అమ్మినప్పుడు ధర నిలుస్తుంది. కాన్స్టుల్ 2019లో మూతపడినా దాని వాద్యాలను వెతికి కొనేవారున్నారు. చాలా పాతది అంటే చాలా విలువైనది అనుకోవద్దు. 19వ శతాబ్దపు పాకెట్ కార్నెట్లలో కొన్ని 452 ప్రాంతపు హెచ్చు శ్రుతికి చేసినవి, నేటి వాద్యాలతో కలవవు. వాటిని సేకరించేవారు వేరు, వాయించేవారు వేరు.

ధర లెక్క ఇలా వేస్తాను. అదే రకం కొత్తది నిజంగా ఎంతకు దొరుకుతోందో చూడాలి. వాడినవాటికి ఎంత అడుగుతున్నారో కాదు, ఎంతకు అమ్ముడయ్యాయో వెతకాలి. కొత్తది వంద అనుకుంటే, ‘టప్’ మంటూ శ్రుతి కుదిరి, స్లైడ్‌లన్నీ కదిలే పేరున్న వాద్యానికి అరవై దాకా ఇవ్వవచ్చు. చవక రకానికి ముప్పై దాటకూడదు. ఆ అంకెలోంచి మరమ్మతు ఖర్చు మొత్తం తీసెయ్యాలి, సగం కాదు. కదలని స్లైడ్‌ను ‘కాస్త నూనె వేస్తే వస్తుంది’ అంటే నమ్మకండి. అంత తేలికైతే అమ్మేవారే వేసి ఉండేవారు. పెట్టె, మౌత్‌పీస్ ఉంటే వాటికి విడిగా కొంత కలపండి.

చేతితో పట్టి చూసే వీలు లేకపోతే, అమ్మేవారిని మూడు పిస్టన్లూ బయటకు తీసి రెండు వైపులా ఫొటోలు, లోగొట్టం ఫొటో, మూడో స్లైడ్‌ను పూర్తిగా లాగి పక్కన స్కేలు పెట్టిన ఫొటో, ‘టప్’ పరీక్ష వినిపించే చిన్న వీడియో అడగండి. అమ్మేవారు ఇవి ముందే ప్రకటనతో ఇస్తే బేరం నాలుగు మాటల్లో తెగుతుంది. వాద్యాన్ని పంపేటప్పుడు మౌత్‌పీస్‌ను తప్పక తీసి విడిగా చుట్టాలి, గరాటు లోపల మెత్తటి గుడ్డ కుక్కాలి, పెట్టెలో పిస్టన్ బొడిపెల మీద బరువు పడకుండా చూడాలి. దారిలో పడే ఒక్క దెబ్బకు పైన చెప్పిన వాల్వ్ గూడు వంగితే, పరీక్షలన్నీ నెగ్గిన వాద్యమే చేతికి అందేసరికి అంటుకుపోతుంది.

ఇట్లు,
ఇత్తడి ఊదు వాద్యాల మరమ్మతుదారు